సూసన్న కేక విన్నవారు



ఒక విచారణలో ఆదివారం పూజ ముగిశాక ఒక ప్రకటన చదివారు. వేసవి సెలవుల్లో హైస్కూలు బాలికలకు గుడి పక్క హాలులో ఆత్మరక్షణ తరగతులు జరుగుతాయనీ, తల్లిదండ్రులు పిల్లల పేర్లు ఇవ్వాలనీ దాని సారాంశం. జనం బయటికి వస్తుంటే ఒక పెద్దాయన ఉపదేశిగారిని ఆపారు. "ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్నాడు గదయ్యా ప్రభువు! గుడి ఆవరణలో ఆడపిల్లలకు గుద్దులు నేర్పడమేమిటి?" అన్నారు. ఉపదేశిగారు నవ్వి ఊరుకున్నారు. కాని అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు. పెద్దాయన దానిని విశ్వాసంతోనే అడిగారు. మనమూ విశ్వాసంతోనే జవాబు వెతుక్కోవాలి.

మత్తయి సువార్త 5వ అధ్యాయాన్ని నిదానంగా చదవండి. అక్కడ ప్రభువు చెప్పింది కుడి చెంప సంగతి. ఎదురుగా నిలబడినవాడు కుడిచేత్తో కొడితే దెబ్బ మన ఎడమ చెంపకు తగులుతుంది. కుడి చెంపకు తగలాలంటే చేతిని వెనక్కి తిప్పి కొట్టాలి. అది గాయపరచే దెబ్బ కంటే అవమానించే దెబ్బ అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అవమానానికి ప్రతీకారం వద్దన్నాడు ప్రభువు. పసిపిల్ల మీద చెయ్యి వేసేవాడికి దారి ఇమ్మనలేదు. ఆయననే ప్రధానార్చకుని ఎదుట ఒక బంట్రోతు చెంపపై కొట్టినప్పుడు మౌనంగా ఉండలేదు. నేను తప్పు మాట్లాడితే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీశాడు. యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఈ సంగతి ఉంది. ఆయన తిరిగి కొట్టలేదు. అన్యాయాన్ని న్యాయమనీ ఒప్పుకోలేదు.

శ్రీసభ బోధ కూడా ఇదే దారిలో నడిచింది. 13వ శతాబ్దంలో పునీత అక్వీనాస్ తోమాసు ఈ ప్రశ్నను విచారించారు. తన ప్రాణం కాపాడుకోవాలన్న ఉద్దేశం తప్పు కాదనీ, అయితే అవసరానికి మించిన బలం వాడితే తప్పేననీ తేల్చారు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఇంకొక మెట్టు ఎక్కింది. ఇతరుల ప్రాణాలకు బాధ్యులైనవారికి వారిని రక్షించడం హక్కు మాత్రమే కాదనీ, బరువైన కర్తవ్యమనీ 2265వ పేరాలో చెప్పింది. మన దేశ చట్టమూ దీనికి దూరంగా లేదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరిస్తాయి. రక్షణకు కావలసినదానికంటే ఎక్కువ హాని చేయరాదని ఆ చట్టమూ అంటుంది.

కాబట్టి పెద్దాయన ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ తరగతులు సువార్తకు విరుద్ధం కావు. అయితే అక్కడితో ఆగితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

మన పిల్లలకు అపాయం ఎక్కడినుంచి వస్తోంది? చీకటి సందులో దాగిన అపరిచితుడి నుంచి అనుకుంటాం. జాతీయ నేర రికార్డుల సంస్థ 2021 నివేదిక ప్రకారం నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి 96 వరకు నిందితులు బాధితులకు తెలిసినవారే. బంధువు, ఇరుగుపొరుగువాడు, స్నేహితుడు, పని ఇచ్చినవాడు. తల్లిదండ్రులు తెల్లవారుజామునే కూలికి వెళ్తే ఇంట్లో ఒంటరిగా మిగిలే పిల్ల, హాస్టలులో ఉండే పిల్ల, మాట స్పష్టంగా రాని పిల్ల - వీరికి ఎదురుపడేది "మామయ్యా", "అన్నయ్యా" అని తాము పిలిచే మనిషే. అటువంటి మనిషిని కొట్టడానికి పిడికిలి లేవదు. "వద్దు" అనడానికి నోరే రాదు. పెద్దలకు ఎదురుచెప్పకూడదని నేర్పింది మనమే గదా!

అందుకే మంచి ఆత్మరక్షణ శిక్షణ పిడికిలితో మొదలు కాదు. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం విద్యార్థినులకు 12 గంటల శిక్షణ ఇచ్చి, ఫలితాన్ని 2015లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటించారు. పరిచయస్తుల ప్రవర్తనలో అపాయాన్ని ఎలా గుర్తించాలి, వారిని నొప్పించడానికి అడ్డొచ్చే మొహమాటాన్ని ఎలా దాటాలి అన్నవి అందులో ముఖ్యమైన పాఠాలు. దెబ్బలు నేర్పడం ఒక భాగం మాత్రమే. కరపత్రాలు మాత్రమే అందుకున్నవారిలో ఏడాదిలోపు నూటికి 9.8 మంది అత్యాచారానికి గురికాగా, శిక్షణ పొందినవారిలో 5.2 మంది గురయ్యారు. అంటే శిక్షణ పనిచేస్తుంది. అయినా ఆ 5.2 మంది సంగతి ఏమిటి? శిక్షణ పొంది కూడా రక్షించుకోలేకపోయిన పిల్లను ఏమందాం?

ఇక్కడ మనం చాలా జాగ్రత్తగా ఉండాలి. "ఎందుకు అరవలేదు? ఎందుకు పారిపోలేదు?" అని అడిగే నోళ్లకు మన తరగతులు మరో ప్రశ్న అందించకూడదు: "నేర్పాం గదా, ఎందుకు కొట్టలేదు?" భయంతో కొయ్యబారిపోవడం శరీర ధర్మం. అది సమ్మతి కాదు. క్రీ.శ. 410లో రోము నగరం కొల్లగొట్టబడినప్పుడు చెరచబడిన స్త్రీలను కొందరు నిందించారు. పునీత అగుస్తీను తన 'దేవుని నగరం' మొదటి భాగంలోనే ఆ స్త్రీల పక్షాన నిలిచారు. మనసు అంగీకరించనప్పుడు పరుల పాపం వారి పవిత్రతను పోగొట్టదని వాదించారు. పునీత మరియ గొరెట్టిని మనం గౌరవిస్తాం. కాని ఆమె పేరు చెప్పి బతికి బయటపడిన పిల్లకు చావడమే మేలని సూచించడం ఆ పునీతురాలికే అవమానం.

ఇప్పుడు దానియేలు గ్రంథం 13వ అధ్యాయం తెరవండి. తోటలో ఒంటరిగా ఉన్న సూసన్నను ఇద్దరు పెద్దమనుషులు బెదిరించారు. వారు న్యాయాధిపతులు, ఆ ఇంటికి రోజూ వచ్చిపోయేవారు. సూసన్న గట్టిగా కేక వేసింది. ఆత్మరక్షణ తరగతిలో నేర్పే మొదటి పాఠం అదే. ఇంటివారు పరుగెత్తుకొచ్చారు. కాని ఎవరి మాట నమ్మారు? పెద్దల మాట. మరునాడు సభ కూడింది, ఆమెకు మరణశిక్ష వేసింది. సూసన్న కేకలో లోపం లేదు. విన్న చెవుల్లో ఉంది. దానియేలనే యువకుడు లేచి, ఆ ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నించాడు. ఏ చెట్టు కింద చూశారని అడిగితే ఒకడు ఒక చెట్టు పేరు, రెండోవాడు మరో చెట్టు పేరు చెప్పారు. ఆమె నిర్దోషి అని తేలింది.

మన ఊళ్లలో ఆ సభ ఇంకా కూడుతూనే ఉంది. పిల్లకు అన్యాయం జరిగితే రచ్చబండ దగ్గరో, ఒక పెద్ద ఇంటి వసారాలోనో పెద్దమనుషులు కూర్చుంటారు. "పరువు పోతుంది" అంటారు. ఇంత డబ్బు ఇప్పించి రాజీ చేస్తారు. పిల్ల పేదింటిదైతే, వెలివాడదైతే ఆ రాజీ మరింత తొందరగా కుదురుతుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడమే నేరం. గురువులకూ మఠకన్యలకూ ఇందులో మినహాయింపు లేదు. శ్రీసభలో జరిగిన ఇటువంటి నేరాలను దాచరాదని 2019లో పోపు ఫ్రాన్సిస్ కూడా శాసించారు. మన ఇంటి దోషం మనమే దాచుకుంటే ఇతరులకు బోధించే అర్హత మనకుండదు.

కాబట్టి సోదర సోదరీలారా, మీ పిల్లల పేర్లు తప్పక ఇవ్వండి. 1098, 112, 181 నంబర్లు వారికి కంఠతా నేర్పండి. అబ్బాయిలకు కూడా తరగతి పెట్టమని విచారణ గురువులను అడగండి; "వద్దు" అంటే వద్దని వారు నేర్చుకోవాలి. ఆ తరువాత మనమూ ఒక పాఠం నేర్చుకుందాం. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లతో ఒక్క మాట చెప్పండి: "ఎవరు నిన్ను ఇబ్బంది పెట్టినా, వారు మనకెంత దగ్గరివారైనా, నాతో చెప్పమ్మా. నేను నమ్ముతాను." చెప్పిన మాట మీద నిలబడండి. ఆ పిల్ల కేక వేసిన రోజున మనం సూసన్న ఇంటివారిలా తలదించుకుంటామో, దానియేలులా లేచి నిలుస్తామో అప్పుడు తేలుతుంది.