వేటకి వెళ్లనందుకు జీతం

ఇంగ్లండ్ తూర్పు తీరంలో, లోస్టాఫ్ట్ దగ్గర, సముద్రంలో పక్షులకి ఇళ్లు కట్టారు. హార్న్‌సీ 3 అనే 2.9 గిగావాట్ల గాలిమరల ప్రాజెక్టుకి అనుమతి ఇస్తూ పెట్టిన షరతు అది. మరల రెక్కలు తగిలి కిట్టివేక్ అనే సముద్రపు పక్షులు చచ్చిపోతాయి కాబట్టి, వాటికి బదులు ఇంకోచోట కొత్తవి పుట్టి పెరిగే ఏర్పాటు చేయాలి. ఆర్‌స్టెడ్ కంపెనీ 2023లో నీళ్లలో స్తంభాలు లేపి, వాటి మీద కొండచరియలో ఉన్నట్టు గూళ్లు పెట్టే అరలు కట్టింది. చదివినప్పుడు ముచ్చటేసింది, కొంచెం నవ్వూ వచ్చింది. తర్వాత ఒక ప్రశ్న పట్టుకుంది. పక్షికి పోయిన చోటుకి బదులు చోటు ఇస్తున్నాం. అదే సముద్రం మీద బతికే మనిషికి మాత్రం డబ్బు చేతిలో పెడతాం. ఎందుకని?

నేనుండేది హైటెక్ సిటీలో. ఇక్కణ్నించి సముద్రం చూడాలంటే మూడొందల కిలోమీటర్లకి పైనే ప్రయాణం. అయినా సముద్రంతో మనకి సంబంధం లేదనుకోవడానికి లేదు. ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. ఉపగ్రహాలు పంపే నీటి వేడి, పచ్చదనం వివరాలు చూసి, ఫలానా చోట చేపలుండొచ్చని మత్స్యకారులకి కబురు పంపేది ఆ ఆఫీసే. ఇంకో సంబంధం కరెంటుది. ఈ అద్దాల భవనాలకి, సర్వర్లకి రాత్రీ పగలూ కరెంటు కావాలి, అదీ పచ్చ కరెంటు కావాలని కంపెనీలు మాటిస్తున్నాయి. సూర్యుడు సాయంత్రానికి వెళ్లిపోతాడు కాబట్టి చూపు సముద్రపు గాలి మీద పడింది. 2024 జూన్‌లో కేంద్రం గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్ల కోసం 7,453 కోట్ల పథకం ఒప్పుకుంది.

ఆంధ్ర తీరంలో అలాంటి మరలు ఇంకా లేవు. కానీ సముద్రాన్ని మేం వాడుకుంటాం, మీకు పరిహారం ఇస్తాం అనే బేరం మనవాళ్లకి బాగా తెలుసు. ఓఎన్‌జీసీ పైప్‌లైన్ పనుల వల్ల వేట పోగొట్టుకున్న కాకినాడ, కోనసీమ జిల్లాల కుటుంబాలకి నెలకి 11,500 రూపాయల లెక్కన ఇచ్చారు. 2023 నవంబరు విడతలో 23,458 కుటుంబాలకి ఆరు నెలలకి 69,000 చొప్పున అందింది. ఆ డబ్బుని తక్కువ చేసి మాట్లాడే హక్కు, నెల తిరిగేసరికి జీతం పడే నాకు లేదు. వల ఖాళీగా తిరిగొచ్చే నెలల్లో అది చిన్న మొత్తం కాదు.

దాని పక్కనే ఇంకో డబ్బు పెట్టి చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం. ఆ రోజులకి రాష్ట్ర ప్రభుత్వం 2025లో కుటుంబానికి 20,000 ఇచ్చింది. రెండూ వేటకి వెళ్లనందుకు ఇచ్చే డబ్బులే. కానీ రెండూ ఒకటి కాదు. నిషేధంలో ఆగేది చేప కోసం, అంటే చివరికి తన వల కోసమే. జూన్ 15న బోటు మళ్లీ అదే నీళ్లలోకి దిగుతుంది. పైప్‌లైన్ పరిహారంలో ఆగేది వేరేవాళ్ల పని కోసం. ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు అయిపోవాలో ఆగినవాడి చేతుల్లో లేదు.

మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే, గార్డెన్ లీవ్ లాంటిది. ఉద్యోగం మానేసినవాడిని పోటీ కంపెనీకి వెళ్లకుండా జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెడతారు. మూడు నెలలైతే హాయిగానే ఉంటుంది. పాతికేళ్లయితే? గాలిమర వయసు దాదాపు అంత. పైప్‌లైన్ పని ఎప్పటికో ఒకప్పటికి ముగుస్తుంది. మర అక్కడే నిలబడుతుంది. ఈలోపు పదిహేనేళ్ల కుర్రాడు నలభై ఏళ్లవాడవుతాడు. నీటి రంగు చూసి లోతు చెప్పడం, ఒడ్డున గుడి గోపురాన్నీ కొండనీ గురుతు పెట్టుకుని వల ఎక్కడ వేయాలో తేల్చుకోవడం, ఇవి తండ్రి పక్కన కూర్చుని నేర్చుకునేవి. నెలకింత అని బ్యాంకులో పడే డబ్బు ఆ చదువు ఆగిపోవడాన్ని లెక్కలోకి తీసుకోదు.

అలాగని మరలు వద్దు అనలేను. ఉప్పాడ వెళ్లినవాళ్లకి తెలుసు, అక్కడ కెరటం రోడ్డునీ ఇళ్లనీ ఏడాదికేడాది కొరుక్కుతింటోంది. కోతకి కారణాలు చాలా ఉన్నాయి, కానీ బొగ్గు మండే కొద్దీ సముద్రం పెరుగుతుందన్నదీ నిజం. గాలి వద్దని బొగ్గుకే ఓటేస్తే ముందు మునిగేది మత్స్యకారుల పేటే. ఇక్కడ ఎవరి చేతులూ శుభ్రంగా ఉండవు, నావి అసలే ఉండవు.

నా అభ్యంతరం మరల మీద కాదు, మాట్లాడే వరుస మీద. ముందు మ్యాపు గీసి, తర్వాత టెండరు పిలిచి, చివర్లో ఎంతిస్తే ఒప్పుకుంటారు అని అడగడం. పక్షి విషయంలో అక్కడ వరుస వేరుగా నడిచింది. బదులు చోటు చూపిస్తేనే ప్రాజెక్టు అన్నారు. మనిషికీ అలా అడగొచ్చు. వల దారులు ముందు గీసి, మిగిలిన నీళ్లలో మరలు పెట్టొచ్చు. మరల మధ్య చేపలు పట్టడాన్ని బ్రిటన్ చట్టం నిషేధించలేదు, బెల్జియం నిషేధించింది. కాబట్టి అది విధిరాత కాదు, ఎవరో కూర్చుని రాసుకున్న నియమం. కాకపోతే అడుగున కేబుళ్లుంటే ఈడ్చే వలలు చిక్కుకుంటాయి; అనుమతి కాగితం మీద ఉన్నంత మాత్రాన బోటు వెళ్లదు.

వాటా అనే మాట కూడా ఉంది. కోపెన్‌హాగన్ ఎదురుగా సముద్రంలో 2000లో కట్టిన మిడెల్‌గ్రుండెన్‌లో 20 మరలు, 40 మెగావాట్లు. అందులో సగం ఎనిమిది వేలమందికి పైగా సభ్యులున్న సహకార సంఘానిది. వాళ్లలో ఎక్కువమంది నగరవాసులే లెండి, వలలు వేసేవాళ్లు కాదు. అయినా పరిహారం పుచ్చుకునేవాడికీ వాటాదారుడికీ తేడా ఏంటో అక్కడ కనిపిస్తుంది. వాటాదారుడు లెక్కల పుస్తకం తెరవమని అడగగలడు.

వాటా సరే, ఎవరికి? భూమికైతే పట్టా ఉంది, నీళ్లకి ఉండదు. బోటు యజమానికి రిజిస్ట్రేషన్ కాగితముంటుంది. సీజన్‌కో బోటెక్కే కలాసీకి ఏ కాగితముంటుంది? ఒడ్డున చేపలు కొని, ఎండబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మే ఆవిడ అసలు సముద్రంలోకే దిగదు. ఆమెని సముద్రాన్ని వాడుకునే మనిషిగా ఏ కాలమ్‌లో రాయాలి?