అప్పులవాని ఇంట మిగిలేది

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 24:6, 2 రాజులు 4:1-7, అపొ. కార్యములు 5:1-4



ఉద్యోగం పోయి, ఇంటి లోను, క్రెడిట్ కార్డులు మీదపడినా "దివాలా" అనే మాట పలకడానికి మనవాళ్లకు సిగ్గు. అంతా లాక్కుంటారు, పిల్లలతో రోడ్డున పడతామని భయం. వాక్యం ఏమంటోంది?

అప్పిచ్చినవాడు తిరుగలిని గాని, దాని పైరాయిని గాని తాకట్టు పట్టకూడదని ధర్మశాస్త్రం. ఆ రాయి అమ్మితే అప్పు తీరదు. అది లేకపోతే మాత్రం ఆ ఇంట రొట్టె ఉండదు. పేదవాని పైబట్టను కుదువగా తీసుకుంటే పొద్దుగూకేలోగా తిరిగి ఇవ్వాలి. బాకీ బాకీయే. కాని బాకీదారుని ప్రాణం దేవునిది.

షాంటిలీలో ఉన్న మనకు వర్జీనియా చట్టం 34-26వ సెక్షన్ చూడండి. అప్పులవాళ్లు ముట్టకూడని వస్తువుల జాబితాలో మొదటిది కుటుంబ బైబిలు! తరువాత పెళ్లి ఉంగరం, నిశ్చితార్థపు ఉంగరం. 5,000 డాలర్ల వరకు ఇంటి సామాను, 10,000 వరకు వృత్తికి అవసరమైన పనిముట్లు. అదే మన తిరుగలి. రాష్ట్రానికి వచ్చి 730 రోజులు నిండనివారికి వేరే రాష్ట్రపు లెక్క రావచ్చు గనుక లాయరును అడగండి.

అయితే మిగుల్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు. దివాలాకు ముందు నగలు చెల్లెలి పేర పెట్టడం, గుంటూరులోని స్థలం కాగితాల్లో రాయకపోవడం కొందరికి తెలివిగా తోస్తుంది. ఆస్తి ఏ దేశంలో ఉన్నా కోర్టుకు చెప్పాల్సిందే. ఆ కాగితాల మీద సంతకం ప్రమాణంతో సమానం. అననీయ పొలం అతనిదే. ఉంచుకున్నా తప్పు లేదు. అబద్ధమే అతణ్ణి కూల్చింది.

ప్రవక్త భార్యను చూడండి. ఇంట్లో ఏముందని ఎలీషా అడిగితే, ఉన్న ఒక్క నూనె కుండ సంగతి దాచకుండా చెప్పింది. దేవుడు దానినే ఆశీర్వదించాడు. ఆమె అప్పు తీర్చింది. మిగిలినదానితో ఆమె, పిల్లలు బ్రతికారు.

ఆ రోజు పొరుగువారు ఖాళీ పాత్రలు ఎరువిచ్చారు. ఆమె అప్పెంతో ఆరా తీశారని వాక్యంలో లేదు. మన సహవాసంలో ఒక కుటుంబం ఈ లోయలో నడుస్తుంటే గుసగుసలు వద్దు, పాత్రలు తీసుకెళ్దాం: ఒక పూట భోజనం, ఒక రెఫరల్, లాయరు దగ్గరకు తోడు.

సత్యము పలికే ధైర్యమును, కనికరము చూపే మనసును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.