మూడో సెట్‌లో కరెంటు పోయింది

పదేళ్ల ఎడంతో నేను చూసిన రెండు ఆటల్లో గెలిచినది మనసులోంచి జారిపోయింది, ఓడినది ఉండిపోయింది. ఇది నన్ను చాలాకాలంగా తొలుస్తోంది.

2015 జూలై 11న సానియా మీర్జా, మార్టినా హింగిస్ జంట వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచింది. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డ జంట 7-5తో బయటపడింది. కరీంనగర్‌లో టీవీ ముందు కూర్చుని కేకలు పెట్టాను. మర్నాడు ఎవరి పని వాళ్లది. కానీ 2005 జూన్‌లో, పద్దెనిమిదేళ్ల సానియా వింబుల్డన్ సింగిల్స్ రెండో రౌండ్‌లో స్వెత్లానా కుజ్నెత్సోవాకు ఓడిన ఆట ఇప్పటికీ నిద్రలో వస్తుంది.

ఓటమి గెలుపుకు తొలిమెట్టు అంటారు. నేను నమ్మను. మెట్టయితే దాని పైన ఇంకో మెట్టుండాలి. 2007లో సానియా సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు దాకా వెళ్లింది. వింబుల్డన్ గడ్డి మీద మాత్రం 2007, 2008, 2009లోనూ అదే రెండో రౌండ్ దగ్గర ఆగింది. బంతి గడ్డి మీద జారి మోకాళ్ల కింద నుంచే దూసుకొస్తుంది, కాలు ఆలస్యమైతే ఎంత గొప్ప ఫోర్‌హ్యాండ్ ఉన్నా పనికిరాదు. డబుల్స్ టైటిల్ ఆ ఓటమికి పై మెట్టు కాదు. గాయాల తర్వాత ఆమె ఎంచుకున్న వేరే దారి అది. ఆ ఓటమి దేనికీ మెట్టు కాలేదు.

మరి ఒంటరి పోరాటం మీద మోజా? కావచ్చు. ఒక్కరే నిలబడితే గొప్ప, జంటగా గెలిస్తే సగం గెలుపు అనుకునే జబ్బు నాకూ ఉండేది. అది తప్పని నాకెప్పుడో తెలిసింది. మా దిక్కు బతుకమ్మ ఒక్కతే ఆడేది కాదు, చేతులు కలవాలి. ఆ సంగతి ఎరిగిన నాకు డబుల్స్ ఎందుకు తక్కువనిపించాలి? ఇక్కడే నా ఆలోచన తెగిపోతుంది. తెగిన ప్రతిసారీ కోరుట్లలోని మా ఇంటికి వెళ్తాను.

2005లో ఆ ఆట జరిగిన రోజు, మబ్బు పట్టిన సాయంత్రం. అవ్వ (మా దిక్కు అవ్వంటే అమ్మే) ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆదిలాబాద్ అడవుల్లో ఎండలకు ఏరిన తునికాకు కట్టలు పక్కన తడిగుడ్డలో ఉన్నాయి. ఆమె టీవీ వైపు తలెత్తేది తక్కువ. ఒకసారి ఎత్తి, “గా పిల్ల ఒక్కతేనా బిడ్డా? మాట చెప్పేటోళ్లు లేరా?” అంది. కోచ్ ఉన్నా ఆట నడుస్తుంటే సలహా చెప్పొద్దని చెప్పాను. “గట్లెట్ల” అని మళ్లీ చాటలోకి చూసింది.

కుజ్నెత్సోవా అంతకుముందు ఏడాది అమెరికా ఓపెన్ గెలిచిన మనిషి. 2005 మార్చిలోనే దుబాయ్‌లో ఆమెను సానియా ఓడించింది, అందుకే నాకు ఆశ. మొదటి సెట్ పోయింది. రెండోది టైబ్రేక్‌లో సానియాది. నేను లేచి గంతులేశాను. మూడో సెట్ నడుస్తుండగా కరెంటు పోయింది.

చీకట్లో అవ్వ వేళ్లు ఆగలేదు. ఆకు మడత, తంబాకు, దారం చుట్టు. కాసేపటికి అడిగింది: “ఇప్పుడు గా పిల్ల ఏం చేస్తున్నట్టు?”

“ఆడుతనే ఉంటది. ఆడ కరెంటు పోదు.”

ఆ ఓటమిని నేను చూడనే లేదు. మర్నాడు పేపర్లో 4-6 అని చదివాను. నాకు ఆ ఆట ఇంకా ముగియలేదేమో, అందుకే మిగిలిందేమో. చాలాకాలం ఈ జవాబుతో సరిపెట్టుకున్నాను. కానీ అది చాలదు. సానియా ఆటను మా ఇంటి కరెంటుకు కట్టేయడం ఆమెకు అన్యాయం.

నిజంగా మిగిలింది ఆ పొద్దున అవ్వ అడిగిన మాట. ఓడిందని చెప్తే, “మరి కూలి ఇస్తరా?” అంది.

“ఇస్తరు.”

“ఇస్తే అయితది” అని కట్టలు లెక్కపెట్టుకుంది.

ఓడినామెను మెచ్చుకోవడమో ఓదార్చడమో తప్ప నాకు ఇంకోటి తెలియదు. అవ్వ ఆ రెండూ చెయ్యలేదు. పని జరిగింది, కూలి దక్కాలి, అంతే. అదే 2005 వింబుల్డన్‌లో ఫైనల్‌కు ముందురోజు వీనస్ విలియమ్స్ టోర్నీల పెద్దల ముందు ఆడవాళ్లకూ సమాన ప్రైజ్‌మనీ కావాలని వాదించింది. 2007 నుంచి వింబుల్డన్ ఇచ్చింది, మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకు కూడా.

అవ్వ ఆ రోజు పొద్దెక్కినంక బీడీలు గంపలో పెట్టుకుని కార్ఖానాకు పోయింది. లెక్క తీసుకునేటాయన బాగలేవని కొన్ని పక్కన పడేశాడు. వాటికి కూలి రాలేదు.