అద్దాల మేడ – విడి గ్లాసు

పోయిన సంక్రాంతి సెలవుల్లో నవీపేట్ నుంచి దోమకొండ కోట చూడ్డానికి వెళ్ళాం. ఒకప్పుడు అది మా నిజామాబాద్ జిల్లాలోదే, 2016 నుంచి కామారెడ్డి జిల్లా అయింది. చుట్టూ కందకం, రాతి గోడలు, లోపల కాకతీయుల నాటి మహాదేవుని గుడి, అద్దాల మేడ! పాతబడ్డ కట్టడాలను ఓపిగ్గా బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది.

"ఇలాంటి ఇంట్లో ఒక్కరోజు ఉన్నా చాలండీ!" అన్నాను.

"మరి ఊడ్చేదెవరూ?" అన్నారు మావారు.

వేళాకోళమే. కానీ నాకు చప్పున మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడది వేరే ఊరు. చిన్నతనంలో ఆ ఊరి దొరగారి గడిలో వెట్టి చేసింది. వెట్టి అంటే కూలి లేని పని. ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల్లో కుమ్మరి కుండలూ, చాకలి ఉతుకూ అన్నీ గడికి ఊరికే జరగాల్సిందే. గడి ముందు నుంచి పోతే చెప్పులు చేత పట్టుకోవాల్సిందే.

"గడి మంచిగనే ఉండేది బిడ్డా, మా నడుములే మంచిగ లేకుండె" అనేది అమ్మమ్మ.

మరి అలాంటి మేడల్ని చూసి ముచ్చటపడటం తప్పా? కూల్చేస్తే అమ్మమ్మ చాకిరీకి ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది కదా! ఇంగ్లండులో పాత జమీందారీ భవనాలనూ తోటలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ 2020లో ఓ పని చేసింది. తన చేతిలో ఉన్న 93 చోట్లకు వలస పాలనతోనో, బానిసల వ్యాపారంతోనో సంబంధం ఉందని బయటపెట్టింది. కొందరికి కోపం వచ్చింది. అయినా ఇళ్ళు ఇళ్ళలాగే ఉన్నాయి, నిజం కూడా పక్కన చేరింది, అంతే. అందం తప్పు కాదు, దాని వెనక చేతుల్ని మరిచిపోవడమే తప్పు అనుకుంటూ, తృప్తిగా ఇంటికొచ్చాను.

సాయంత్రం టీ పెట్టాను. మా పనావిడ పసుపు కళ్ళం నుంచి వచ్చినట్టుంది, వేళ్ళు పచ్చగా ఉన్నాయి. వంటింటి గుమ్మం బయటే నిలబడి, కిటికీలో విడిగా ఉన్న తన గ్లాసు అందుకుంది.

ఆ గ్లాసు అక్కడ పెట్టింది ఏ దొరా కాదు, నేనే. పదకొండేళ్ళయింది.

మర్నాడు మా కప్పుల్లోనే ఒకటి తీసి టీ పోసిచ్చాను. "వద్దమ్మా, పగిలితేనో?" అంది. "పగిలితే పగలనీ, లోపలికొచ్చి కూర్చో" అన్నాను. కప్పు తీసుకుంది గానీ కూర్చోలేదు.

అలవాటు కావాలి కాబోలు, ఆవిడకూ, నాకూనూ.