వీరస్వర్గమునకు ముందటి ప్రశ్న

మంటలార్పబోయిన మనుష్యుడు మరలి రానప్పుడు మన నోట మొదట వెలువడు మాట త్యాగము, పిదప వీరస్వర్గము. ఆ రెంటికిని తావు లేనిచోట విధి అను మాట వచ్చి ప్రశ్నలన్నిటిని అణచివేయును. ఈ మాటలు అసత్యములని నేననను. ఎన్నడును చూడని వాని ప్రాణమునకై తన ప్రాణము నొడ్డుటకంటె ఉత్తమమైన ధర్మమును ఏ మతమును బోధించియుండలేదు. అయినను త్యాగము ఇచ్చువాని సొత్తు. శిబి చక్రవర్తి తన తొడమాంసమును త్రాసున వేసినపుడును, దధీచి మహర్షి వజ్రాయుధమునకై తన యెముకల నొసగినపుడును, ఇచ్చుటయా మానుటయా అను నిర్ణయము సంపూర్ణముగా వారిదై యుండెను. ఒకనిని అగ్నిలోనికి పంపువారు, వానికి తగిన సాధనమును, ఆ కట్టడమును గూర్చిన యెఱుకను, తిరిగివచ్చు దారిని కల్పింపక, వాడు మరణించిన పిమ్మట ఆ మరణమునకు త్యాగమని పేరిడినచో, ఆ పేరిడు అధికారము వారికెక్కడిది?

అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమున వూస్టర్ అను పట్టణము కలదు. 1999 డిసెంబరు 3వ తేదీ సాయంకాలము అచ్చట పాడువడిన శీతల గిడ్డంగి యొకటి అంటుకొనెను. అది ఆరంతస్తుల ఇటుక కట్టడము. కిటికీలు లేవన్నంత అరుదు. చలి బయటికి పోకుండుటకై గోడలకు లోవైపున బెండును, ప్లాస్టిక్ నురుగును దట్టముగా తాపడము చేసియుండిరి. గూడులేని ఇరువురు అందు తలదాచుకొనుచుండగా, వారి కొవ్వొత్తి ఒరిగి నిప్పు రాజుకొన్నది. వారు ఎవరికిని చెప్పక వెళ్ళిపోయిరి. లోపల మనుష్యులుందురని విన్న ఫైర్‌మన్లు వారిని వెదకుటకై ప్రవేశించిరి. కొంతసేపటికి పొగ ఒక్కుమ్మడిగా నల్లబడి క్రమ్ముకొనెను. అట్టి పొగలో తన చేయి తనకే కానరాదు. మోకాళ్ళపై ప్రాకుచు గోడను తడవుకొనుచు పోవువానికి, గోడవలె నున్న ఆ గిడ్డంగి తలుపు చేతికి తగిలినను తలుపని తెలియదు. ఇద్దరు దారి తప్పి, సిలిండరులో గాలి అడుగంటుచున్నదని రేడియోలో మొఱపెట్టిరి. వారికొఱకు మఱికొందరు లోనికి పోయిరి; వారిలో నలుగురు మరలిరాలేదు. ఎవరి నిమిత్తమై ఈ ఆర్గురును పోయిరో ఆ ఇరువురు ఆ వేళకు కట్టడములోనే లేరు.

ఇంకను పోవుటకు సిద్ధముగా నున్నవారు మెట్లకడ గుమిగూడిరి. లోపల నున్నవారు వారి తోడివారు, ఒకే బల్లకడ భోజనము చేసినవారు. అప్పుడు దళాధికారులలో నొకడగు మైక్ మెక్‌నమీ ద్వారమునకు అడ్డముగా నిలిచి, ఇక నెవరును లోనికి పోరాదని శాసించెను. వారు ఎదిరించిరి, ఆయన కదలలేదు. ఆర్గురి దేహములును బయల్పడుటకు ఎనిమిది దినములు పట్టెను.

ఆ శాసనము నిర్దయయా, ధర్మమా? నా దృష్టిలో ఆ రాత్రి అచ్చట జరిగిన సాహసములన్నిటిలో ఇది మిక్కిలి కఠినమైనది, ఏలయన దీనికి చప్పట్లు లేవు. లోనికి పోవువానికి గెలిచినను కీర్తియే, ఓడినను కీర్తియే. ఆపినవానికి మిగులునది నిద్రలేమి. కాని ఆయన మూసినది చివరి ద్వారమని మఱవరాదు. పాడుపడిన కట్టడమును ఎవరును చొరకుండ మూయించుట, దాని లోపలి యమరికను దళమునకు ముందే తెలియజేయుట, గాలి ఎంతసేపు వచ్చునో లెక్కించి పంపుట, ఇవియన్నియు అంతకు ముందటి ద్వారములు. అవి తెఱచియుండగా చివరి ద్వారమున నిలిచిన వానిపై ధర్మభారమంతయు మోపుట అన్యాయము.

ద్రోణపర్వమున ఇట్టి ఘట్టమే కలదు. పద్మవ్యూహమును భేదించి చొచ్చుట తెలియును గాని వెలువడుట తెలియదని అభిమన్యుడు ముందే విన్నవించెను. మేము నీ వెనువెంటనే వత్తుమని పెద్దలు మాటయిచ్చిరి. సైంధవుడు అడ్డగింపగా ఆ మాట దక్కలేదు. బాలుడు కూలిన పిదప, చెదరిపోవుచున్న సేనను నిలుపుటకై ధర్మరాజు వాడు స్వర్గమునకేగెనని పలికెను. అదే ధర్మరాజు పిమ్మట ఏకాంత దుఃఖమున, తన జయకాంక్షచేత పసివానిని ముందుకు నెట్టితినని తన్ను తానే నిందించుకొనెను. మనము మొదటి మాటను మాత్రమే నేర్చుకొంటిమి. సంస్మరణసభలలో వినవచ్చునదంతయు సేనకు చెప్పిన మాటయే. రెండవ మాట ఏ వేదికపైనను వినబడదు.

2004లో ఫ్లోరిడాలోని టాంపా నగరమున అమెరికా అగ్నిమాపక సేవల పెద్దలు సమావేశమై, విధినిర్వహణలో మరణములను తగ్గించుటకు 16 అంశములను నిర్ణయించిరి. వానిలో ఒకటి, ప్రమాదకరమైన పద్ధతిని నిలిపివేయు అధికారము ప్రతి ఫైర్‌మనుకును ఉండవలెననునది. వెలువడు దారి నాకు తెలియదని చెప్పినవాని మాటతోనే రథము ఆగవలెననుట దీని భావము.

ఇచ్చట నొక ఆక్షేపణ పుట్టవచ్చును. ఫీనిక్స్ నగర దళమునకు చిరకాలము అధిపతియైన ఆలన్ బ్రునాచినీ, రక్షింపదగిన ప్రాణమునకై పెద్ద అపాయమునకైనను సిద్ధపడవచ్చును, ఆస్తికై స్వల్పముగానే, ఇదివఱకే నశించినదానికై ఏ మాత్రమును పనికిరాదని బోధించెను. ప్రాణముల నిట్లు తూచుట నిష్కామకర్మకు విరుద్ధము కాదా యని కొందఱందురు. గీత విడువుమన్నది ఫలాపేక్షను, వివేకమును కాదు. పదునెనిమిదవ అధ్యాయమున, రాబోవు పరిణామమును, నష్టమును, హింసను, తన శక్తిని ఆలోచింపక మోహముచే ఆరంభించిన కర్మ తామసమని స్పష్టముగా చెప్పబడియున్నది. కాలిపోయిన గోదామునకై నలుగురిని దాని కప్పుమీదికెక్కించుట ఎంతటి ధైర్యముగా కనబడినను ఆ కోవలోనిదే.

మంటలో పోవు ప్రాణములకంటె మెల్లగా పోవునవి మనకు కానరావు. అమెరికాలో విధియందుండగా మరణించు ఫైర్‌మన్లలో పెక్కుమందిని బలిగొనుచున్నది గుండెపోటు; కొందఱు మంటను చేరకముందే, సీటు బెల్టు పెట్టుకొనక, బండి తిరగబడి మరణింతురు. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ, ఈ వృత్తిలో శరీరమునకు సోకు వానిని క్యాన్సర్ కలిగించునవిగా నిర్ధారించెను. మసిపట్టి, అంచులు కమిలిన హెల్మెట్టు ఎన్ని మంటలు చూచెనో అంత గౌరవమను భావము చాల దేశముల స్టేషన్లలో ఉండెడిది. ఆ మసియే విషము. కోటును ఉతికి ఆరవేయుట, తిరిగివచ్చిన వెంటనే మెడను, చేతులను కడుగుకొనుట శౌచము. శౌచము లేని యనుష్ఠానము ఏ యింటను చెల్లదు. కుమారసంభవమున మాఱువేషమున వచ్చిన శివుడు, ఘోరతపస్సు చేయుచున్న పార్వతిని, దేహశక్తికి మించకుండ చేయుచున్నావా యని కుశలమడుగును. తపస్సునకే దేహమును విచారింపవలసియుండగా, ఇరువది కిలోలకు తక్కువ కాని బరువు మోయుచు మెట్లెక్కువాని గుండెను ఏడాదికొకసారి పరీక్షింపకుండుట ఏ ధర్మము?

మన దేశమునను ఇట్టి యుదంతము కలదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికీన్ అను ఓడ అంటుకొనెను. అందు ప్రత్తి బేళ్ళును, సుమారు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రియు నుండెను. ఓడను ముంచివేయుదమా, రేవు వెలుపలికి లాగుదమా యని అధికారులు తర్జనభర్జన పడుచుండగా ఫైర్‌మన్లు గొట్టములు పట్టి నీళ్ళు పోయుచునే యుండిరి. సాయంకాలము నాలుగు గంటలు దాటగానే ఓడ ప్రేలెను. 66 మంది ఫైర్‌మన్లు మరణించిరి. వారి స్మృత్యర్థమే ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వఱకు దేశమంతటను, మన తెలుగు పట్టణములలోను అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. వారోత్సవముల తొలి ఉదయమున పూలమాలలు వేసిన పిదప, ప్రత్తిని ప్రేలుడు సామగ్రితో కలిపి యెక్కించినదెట్లు, నిర్ణయింపవలసినవారెవరు, అను సంగతులను ప్రతి స్టేషనులోను బిగ్గరగా చదివింపవలెను. అటుపిమ్మట ఆ స్టేషనులో ఈ యేడు పనిచేయు శ్వాసపరికరములెన్ని, చిరిగిన కోటులెన్ని, వైద్యపరీక్ష జరిగినవారెందఱు అని అడుగవలెను. ఆ ప్రశ్నలకు స్టేషను అధికారి గాక, ఆయనకు నిధులు మంజూరు చేయువారే సభాముఖమున లేచి నిలిచి బదులు చెప్పవలెను.