అధికారానికి ప్రతినిధి

పని చేయగల శక్తి, ఆ పనికి అధికారం ఒకటేనా అన్న ప్రశ్నను వేదవిహిత కర్మలను విచారించే పూర్వమీమాంస చాలా లోతుగా తర్కించింది. జైమిని సూత్రాలలో ఆరవ అధ్యాయం ప్రధానంగా దీనికే కేటాయించినది; అక్కడ అధికారమంటే కర్మ చేసి దాని ఫలం పొందే అర్హత, ఫలాపేక్ష, సామర్థ్యం, తగిన విద్య దానికి ఆధారాలు. ధనం లేనివాడు యాగానికి అర్హుడా అన్న శంకకు, ధనం సంపాదించుకోదగినదే కనుక పేదరికం అధికారాన్ని తొలగించదని సిద్ధాంతం తేల్చింది.

భవనాలు కట్టే గుత్తేదారు విషయంలో నేటి పాలన ఇందుకు భిన్నంగా నడుస్తుంది. ప్రభుత్వ పనులకు నమోదయ్యే కాంట్రాక్టరు ఏ తరగతిలో చేరాలన్నది చాలావరకు అతని ఆర్థిక స్తోమతే నిర్ణయిస్తుంది, టెండరు వేయాలంటే ధరావతు కట్టాలి. దీన్ని ధనికపక్షపాతమని కొట్టివేయడం తొందరపాటవుతుంది. యాగం చెడితే నష్టం యజమానిది, శ్లాబు చెడితే ప్రాణం సెంట్రింగు కింద నిలబడ్డ కూలీది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ఇరవై మందికి తగ్గకుండా పనివాళ్లను పెట్టుకునే కాంట్రాక్టరుకు లైసెన్సు తప్పనిసరి చేసి, అతడు కూలి ఎగ్గొడితే పని అప్పగించిన ప్రధాన యజమానే చెల్లించాలని చెప్పింది కూడా ఇందుకే. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యను యాభైకి పెంచింది. చిన్న గుంపులో పనిచేసే కూలీకి ప్రమాదం ఏ విధంగా తగ్గిందో మాత్రం బోధపడదు.

గుత్తేదారు అర్హత ఒక ప్రశ్న అయితే, టాటానగర్‌లో అనుమతి ఇచ్చేవారి అధికారమే మరో ప్రశ్న. సాక్చి గ్రామం చుట్టూ టాటా కంపెనీ ఊరుగా పెరిగి, 1919లో జంషెడ్‌పూర్ అన్న పేరు పొందిన ఈ నగరంలో కంపెనీ ఏలుబడిలోని నేల రాష్ట్ర ప్రభుత్వం లీజుకిచ్చినది. 2005లో నవీకరించిన ఆ లీజుకు 1996 నుంచి ముప్పై ఏళ్ల గడువు పెట్టారు. ఆ నేలలో ఇల్లు కట్టుకునేవాడికి చాలాచోట్ల దక్కేది ఉపలీజు, ప్లాను మంజూరు చేసేది నోటిఫైడ్ ఏరియా కమిటీ. ఇన్ని మెట్లు దిగివచ్చిన అనుమతి చేతికందాక కూడా తెలుగు గృహస్థు శంకుస్థాపన నాడు ఈశాన్య మూలన గుంట తీయించి, నవధాన్యాలు వేసి, భూమిని వేరుగా వేడుకుంటాడు. స్థలంలోని భూతాలను సైతం మర్యాదగా సాగనంపమని వాస్తుగ్రంథాలు చెబుతాయి. సాక్చి పాత నివాసులైన ఆదివాసులకు ఆ మర్యాద ఎంత దక్కిందన్నది ప్రత్యేకంగా విచారించదగిన విషయం.

అసలు చిక్కు ప్రతినిధి దగ్గర వస్తుంది. విధించిన ద్రవ్యం దొరకనప్పుడు దానికి బదులు మరొకటి వాడవచ్చునన్న మీమాంస, యాగం చేసే యజమానికి మాత్రం సాధారణంగా ప్రతినిధిని ఒప్పుకోదు. యాగం జరిపించే ఋత్విక్కులను దక్షిణతో కొనుక్కోవచ్చు, ఫలభోక్తను కొనుక్కోలేం. 1970 చట్టం కింద వచ్చిన 1971 కేంద్ర నియమాలూ లైసెన్సును బదిలీ చేయరాదన్నాయి. అయినా ఒకరి పేరున లైసెన్సు, మరొకరి చేతిలో పని అన్న ఏర్పాటు నిర్మాణరంగంలో ఎక్కడైనా కనిపించేదే: కాగితం మీదివాడు శ్లాబు వేసే రోజున కనిపించడు, ఇనుప చువ్వలు కట్టించి, కాంక్రీటు కలిపించి, తూకం గుండు వేలాడదీసి గోడ నిలువు చూసే మేస్త్రీ పేరు ఏ దరఖాస్తులోనూ ఉండదు. ఒకరికి సామర్థ్యం లేని అధికారం, మరొకరికి అధికారం లేని సామర్థ్యం.

ఇలాంటి సందర్భంలో మీమాంసకులు సామర్థ్యం ఉంది కదా అని అధికారాన్ని ఊహించలేదు. త్రివర్ణాలకు వెలుపలివాడిగా వారు నిర్ణయించిన రథకారుడికి వర్షర్తువులో అగ్న్యాధానం (యాగాగ్నుల ప్రతిష్ఠ) చేసే అర్హత ఉందని ప్రత్యేక విధి ఆధారంగానే అంగీకరించారు. మేస్త్రీకి నైపుణ్య ధ్రువపత్రమైతే దొరకవచ్చు; తన పేరున గుత్త పట్టడానికి అదొక్కటే చాలదు.