న్యాయవిద్య – ధర్మబుద్ధి

శాస్త్రము చదివినవారెల్ల ధర్మపరులగుదురా యను ప్రశ్న ప్రాచీనమైనది. పద్యమును తప్పు చదివిన విద్యార్థి వలన పద్యమునకే హాని. న్యాయశాస్త్రమును నేర్చి ధర్మము తప్పినవాని వలన కుటుంబములు కూలిపోవును. కావున మన బిడ్డలను న్యాయవాదవృత్తికి పంపునపుడు వారికెట్టి శిక్షణ కావలెనో యోచించుట గృహస్థులకును విధియే.

నియమములు లేవని యెవ్వరు ననజాలరు. 1961 నాటి న్యాయవాదుల చట్టము ననుసరించి యేర్పడిన బార్ కౌన్సిలు వృత్తిధర్మములను విధించియున్నది. గెలుపోటములను బట్టి ఫీజు నిర్ణయింపరాదు. ముద్దాయి దోషి యని తనకు తోచినను, అతని పక్షమున నిర్భయముగా వాదింపవలెను. ప్రాసిక్యూషను పక్షమున నిలిచినవాడు నిర్దోషికి శిక్ష పడునట్లు విచారణ నడపరాదు. నిర్దోషిత్వమును చూపు సాక్ష్యమును దాచరాదు. 2008 నాటి న్యాయవిద్యా నియమములు వృత్తిధర్మమును తప్పనిసరి పాఠ్యాంశముగా జేసినవి. మంచిదే. కాని పరీక్షకై వల్లించిన ధర్మము పరీక్షతోనే తీరిపోవునని ఉపాధ్యాయులమైన మే మెరుగుదుము.

దోషి యని తెలిసియు వాదించుట యసత్యమునకు తోడ్పడుట కాదా యని యిండ్లలో పెద్దలు ప్రశ్నింతురు. ప్రశ్న సబబైనదే. అయినను న్యాయవాది న్యాయాధిపతి కాడు. అతని యనుమానము రుజువు కాదు. ముద్దాయి కెదుట పోలీసులు, ప్రభుత్వము, లోకనింద నిలిచియుండగా, అతని పక్షమున నొక్కడైనను మాటాడకున్నచో అది విచారణ యెట్లగును? కొందరు పోలీసు ముద్దాయిల పక్షమున నెవ్వరును వాదింపరాదని కోయంబత్తూరు న్యాయవాదుల సంఘము చేసిన తీర్మానమువంటివి రాజ్యాంగమునకును, వృత్తిధర్మమునకును విరుద్ధములని 2010లో సుప్రీంకోర్టు తేల్చినది. అయితే ఎదిరిపక్షపు సాక్ష్యమును పరీక్షించుట వేరు, దొంగసాక్షిని తయారుచేయుట వేరు. ఈ రెంటికి నడుమనున్న గీతను గుర్తించుటయే విద్యార్థి నేర్వవలసిన విద్య.

ఆ విద్య గ్రంథమున మాత్రమే దొరకదు. నేరము రుజువైనను పడదగిన శిక్షకంటె నెక్కువకాలము, విచారణయే లేక బీహారు జైళ్లలో మ్రగ్గిన ఖైదీల సంగతి 1979లో సుప్రీంకోర్టు ముందునకు వచ్చినది. పత్రికలో వార్త చదివి వ్యాజ్యమును తెచ్చినది కపిలా హింగోరాణీ యను న్యాయవాది. చట్టము ఆమెకువలెనే తక్కినవారికిని తెలియును. ఆ వార్త చదివి యూరకుండలేకపోవుటయే యామె విశేషము. విద్యార్థిని జైలునకు గొనిపోయి, జామీనుకు సొమ్ము లేని ఖైదీ కథను ఖైదీ నోటనే వినిపింపవలెను. కూలి మానుకొని వచ్చిన కక్షిదారునకు వాయిదా యెంత బరువో కోర్టు వరండాలో చూపవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టము పేదలకు ఉచిత సహాయమును ఏర్పరచినది. ఆ సహాయమందించు పనిలో విద్యార్థికిని పాలుండవలెను.

ఇంకొక మాట. ఆకలితోనున్న యువకునికి నీతి బోధించుట సులభము, పాటించుట కష్టము. జూనియరు న్యాయవాదులకు పట్టణములందు నెలకు 20,000, గ్రామప్రాంతములందు 15,000 రూపాయల కనీసభృతి యీయవలెనని బార్ కౌన్సిలు 2024లో సూచించినది. అది సూచనయే గాని శాసనము కాదు. శిష్యుని శ్రమకు వెల యీయని సీనియరు, కక్షిదారుని యెడ న్యాయముగా నుండుమని శిష్యునకు చెప్పిన నా మాట కేమి విలువ?

తలిదండ్రులకును మా విన్నపమొకటి. కోర్టునుండి వచ్చిన కుమారునో కుమార్తెనో ఎంత వచ్చినదని యడుగుటకు ముందు, నేడెవరి పక్షమున నిలిచితివి, ఎట్లు నిలిచితివి అని యడుగుడు.